రస్పాదో దుకాణంలో ఏది తీసుకోవాలి: మెక్సికన్ తురుము ఐసు, చిరుతిళ్ల మధ్య పోలిక

డాలస్‌లోని ఓక్ క్లిఫ్, షికాగోలోని లిటిల్ విలేజ్, లాస్ ఏంజెలిస్‌లోని బాయిల్ హైట్స్ వంటి మెక్సికన్ అమెరికన్ పేటల్లో ఉండే చిన్న రస్పాదో (తురిమిన ఐసు మీద పాకం పోసి ఇచ్చేది) దుకాణానికి మొదటిసారి వెళ్లినవారిని తికమక పెట్టేది స్పానిష్ భాష కన్నా గోడ నిండా పరచుకున్న పట్టికే. తురిమిన ఐసు, పుల్ల ఐసు, పండ్ల గిన్నెలు, ఉడికించిన మొక్కజొన్న, సాసులు పోసిన చిప్స్ పొట్లాలు, పెద్ద జాడీల్లో పానీయాలు అన్నీ ఒకేచోట ఫొటోలతో కనిపిస్తాయి, అన్నీ నోరూరించేలాగే ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి దుకాణాలు కారులో వెళ్లగలిగినంత దూరంలోనే ఉన్నాయి. ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క రుచి ఎరిగినవారికి అక్కడి పులుపు, కారం, తీపి కలయిక పరాయిగానూ అనిపించదు. అయినా చాలామంది ఫొటోలో అన్నిటికన్నా ఆర్భాటంగా కనిపించిన దానిని కొని, సగానికి వచ్చేసరికి ముఖం మొత్తి పక్కన పెట్టేస్తారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటిసారి వెళ్లినప్పుడు దుకాణంవారు స్వయంగా కాచిన పండ్ల పాకంతో చేసే సాదా రస్పాదో ఒకటి, కప్పులో ఇచ్చే మొక్కజొన్న గింజలు ఒకటి తీసుకోవడం అన్నిటికన్నా మేలు. ఎందుకంటే ఆ దుకాణం చేతిపని ఎంతటిదో ఈ రెండింటిలోనే తేటగా తెలుస్తుంది. మిగిలిన వాటిలో చాలావరకు సీసాల్లో కొన్న సాసులు, పొట్లాల్లో కొన్న చిప్స్ కలిసి ఆ సంగతిని కప్పిపుచ్చుతాయి. ఎవరెవరు వెంట వస్తున్నారు, వారు ఏమి తినరు అన్న దానిని బట్టి ఈ సలహాను మార్చుకోవలసి ఉంటుంది. ఆ మార్పులే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

ముందు దుకాణం, తరువాత పదార్థం

ఈ కోవకు చెందిన దుకాణాలన్నీ ఒకటి కావు. కొన్ని ప్రధానంగా తురుము ఐసు అమ్ముతాయి; కొన్ని పలేతేరియాలు, అంటే పుల్ల ఐసు, ఐస్‌క్రీము చేసి అమ్మేవి; కొన్ని ఫ్రుతేరియాలు, అంటే కోసిన పండ్లు, పండ్ల రసాలు ముఖ్యమైనవి. మూడూ మిగిలిన రెండింటి సరుకును ఎంతో కొంత అమ్ముతూనే ఉంటాయి కాబట్టి బోర్డు చూసి మోసపోవడం సులభం. పలేతేరియాకు వెళ్లి రస్పాదో అడగడంలో తప్పేమీ లేదు గాని, అక్కడ శ్రద్ధ పుల్ల ఐసు మీద ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

పలేతేరియాల విషయంలో మరొక మాట. మెక్సికోలోని మిచోవకాన్ రాష్ట్రంలో తొకూంబో అనే చిన్న పట్టణం ఈ వ్యాపారానికి పుట్టినిల్లుగా పేరు పొందింది. ఊరి మొదట్లో పెద్ద పుల్ల ఐసు ఆకారంలో స్మారకం కూడా ఉంది. అక్కడి కుటుంబాలు మెక్సికో అంతటా, తరువాత అమెరికాలోనూ దుకాణాలు తెరిచాయి. అందువల్ల ‘లా మిచోవకానా’ అన్న పేరు వందల బోర్డుల మీద కనిపిస్తుంది గాని, వాటిలో చాలావాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు. ఒకచోట ఆ పేరుతో మంచి పలేతా, అంటే పుల్ల ఐసు, తిన్నంత మాత్రాన మరొకచోట అదే రుచి దొరుకుతుందని అనుకోకూడదు.

దుకాణం మంచిదా కాదా అని తేల్చుకోవడానికి కౌంటరు వెనక్కి చూస్తే చాలు. వెడల్పు మూతి పాత్రలలో చిక్కటి పాకాలు, వాటిలో స్ట్రాబెర్రీ ముక్కలు, అనాసపండు పీచు, చింతగింజలు కూడా కనిపిస్తుంటే అక్కడ పండ్లను వండుతున్నారని అర్థం. అలా కాక మెరిసే నీలం, ఆకుపచ్చ రంగుల ద్రవాలు పంపు బిగించిన సీసాలలో వరుసగా నిలబడి ఉంటే అది పేరుకు రస్పాదో అయినా రుచికి జాతరలో అమ్మే రంగు ఐసే.

ఐసు గురించి కొంత

తురుము ఐసులో మూడు నాలుగు రకాలు అమెరికాలో ప్రచారంలో ఉన్నాయి. వాటి తేడా తెలిస్తే రస్పాదో నుంచి ఏమి ఆశించాలో తెలుస్తుంది. స్నో కోన్ అనబడేది గరుకైన ఐసు పలుకులతో చేసేది; డాలస్‌కే చెందిన శామ్యూల్ బర్ట్ 1919లో టెక్సస్ స్టేట్ ఫెయిర్‌లో దీనిని అమ్మి, మరుసటి ఏడాది ఐసును నలగగొట్టే యంత్రాన్ని రూపొందించాడు. అందులో పలుకులు పెద్దవి కావడంతో పలుచటి రంగు నీళ్లు కిందికి జారిపోయి, పైన తెల్లటి ఐసు, అడుగున తీపి నీరు మిగులుతాయి. హవాయి రకం, న్యూ ఆర్లియన్స్ స్నోబాల్ ఇందుకు భిన్నమైనవి. వాటిలో ఐసును దూదిలాగా సన్నగా గీరడం వల్ల అది పాకాన్ని పీల్చుకుంటుంది.

రస్పాదో ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. సంప్రదాయంగా ఐసు దిమ్మను ఇనుప గీరుడు పెట్టెతో చేత్తో గీరేవారు, తోపుడు బండ్ల మీద ఇప్పటికీ అక్కడక్కడ అలాగే చేస్తారు; దుకాణాలలో ఎక్కువగా యంత్రాలే ఉన్నాయి. చేత్తో గీరినప్పుడు కొన్ని పొరలు సన్నగా, కొన్ని ముతకగా వచ్చి నోటిలో కరకరలాడుతాయి. అది లోపం కాదు, అసలు ఆ తీరే బాగుంటుందని నా పక్షం. ఐసు ఇలా సమంగా లేనప్పుడు పలుచటి ద్రవం నిలవదు కనుక పాకం చిక్కగా, పండు గుజ్జుతో బరువుగా ఉండి తీరాలి. అందుకే రస్పాదో మంచిచెడ్డలు ఐసు కన్నా పాకం మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి.

నీటి పాకమా, పాల పాకమా, చమోయా?

పట్టికలో ఇరవై రుచులు రాసి ఉన్నా ఎంచుకోవలసినవి నిజానికి మూడే వర్గాలు.

మొదటిది పండు, చక్కెర, నీళ్లు కలిపి కాచిన పాకాలది: చింతపండు, మామిడి, స్ట్రాబెర్రీ, అనాస, జామ, నిమ్మ, హమైకా. మండు వేసవిలో, అంటే డాలస్‌లో జూలై, ఆగస్టు నెలల్లో ఎండ వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటే రోజుల్లో, దాహం తీర్చేవి ఇవే. వీటిలో చింతపండు రస్పాదోను నేను అన్నిటికన్నా ముందు ఉంచుతాను, ఎందుకంటే అది కాయడం వచ్చినవారి చేతిలో పులుపు, తీపి ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి. కాయడం రానివారి చేతిలో మాత్రం ఉత్త బెల్లపు నీళ్లవుతుంది. హమైకా అన్నది మన గోంగూర జాతి మొక్కే. ఎర్ర గోంగూర ఆకును మనం పచ్చడి చేసుకుంటాము, మెక్సికోలో ఆ మొక్క పూలకు అడుగున ఉండే ఎర్రటి రక్షక పత్రాలను ఎండబెట్టి, మరిగించి పానీయం చేస్తారు. పులుపు ఇష్టమైనవారు, మరీ తీపి వద్దనుకునేవారు దానిని తప్పక చూడాలి.

రెండవ వర్గం పాల పాకాలది: వెనిలా, కొబ్బరి, పెకాన్ గింజలు, కహేతా, గుడ్డు సొన, పాలతో చేసే రొంపోపే. వీటి మీద సాధారణంగా లెచేరా అని పిలిచే చిక్కటి తీపి పాలు కూడా ధారగా పోస్తారు. ఇవి దాహం తీర్చవు, ఆకలి తీరుస్తాయి. భోజనం తరువాత మిఠాయి స్థానంలో ఇద్దరు కలిసి ఒకటి తినడానికి తగినవి. కహేతా గువనహువాతో రాష్ట్రంలోని సెలాయా పట్టణానికి పేరు తెచ్చిన పదార్థం, సంప్రదాయంగా మేకపాలను చక్కెరతో గోధుమ రంగు వచ్చేదాకా మరిగించి చేస్తారు. మన పాలకోవా రుచి ఇష్టపడే పెద్దవారికి అది నచ్చడానికి అవకాశం ఎక్కువ. పండు పాకం, పాల పాకం సగం సగం పోయమని అడగవచ్చు. స్ట్రాబెర్రీ మీద లెచేరా చక్కగా కుదురుతుంది, చింతపండు మీద మాత్రం వద్దు.

మూడవది చమోయ్ వర్గం. ఉప్పులో ఊరి ఎండిన ప్లమ్ పండ్లు, ఆప్రికాట్లు, మిరప, నిమ్మ కలిసిన ఎర్రటి సాసు ఇది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఉప్పు ప్లమ్ పండ్ల నుంచి ఇది పుట్టిందని సాధారణంగా చెబుతారు. దీనిని ఐసు పొరల మధ్య పోసి, పైన తహీన్ పొడి చల్లితే చమోయాదా అవుతుంది. తహీన్ అన్నది 1985లో హలిస్కో రాష్ట్రంలో మొదలైన సంస్థ అమ్మే మిరప, ఉప్పు, ఎండిన నిమ్మరసాల పొడి. పేరు మాత్రం వెరాక్రూజ్‌లోని ఎల్ తహీన్ శిథిల నగరానిది.

అందరూ ఫొటో తీసుకునే మాంగొనాదా ఈ వర్గంలోనిదే: మామిడి ఐసు లేదా మామిడి గుజ్జుతో రుబ్బిన ఐసు, మామిడి ముక్కలు, చమోయ్, తహీన్, నిలువునా గుచ్చిన, చింతపండు మిఠాయి పూసిన పుల్ల. బాగా చేసినచోట ఇది గొప్ప పదార్థమే. అయితే మామిడి రుచి నిలబడాలంటే పండు మంచిదై ఉండాలి. అతౌల్ఫో రకం పసుపు మామిడి దొరికే వసంతం నుంచి నడివేసవి వరకు దీనిని తీసుకోవడంలో అర్థం ఉంది. చలికాలంలో డబ్బా గుజ్జు మీద చమోయ్ పోసి ఇచ్చిన దానికి సాదా రస్పాదో కన్నా ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సమంజసంగా తోచదు. మాంగొనాదా తీసుకోవాలా, మామిడి రస్పాదో మీద కొద్దిగా చమోయ్ పోయించుకోవాలా అన్న ప్రశ్న వస్తే నేను రెండవ దానికే మొగ్గుతాను. చమోయ్ కొన్ని సీసాల్లో పండు దాదాపు లేకుండా ఉప్పు, పులుపు, రంగులతోనే తయారవుతుంది కాబట్టి, అది ఎంత తక్కువ ఉంటే మామిడికి అంత మంచిది.

మొక్కజొన్న: కంకా, కప్పా?

ఎలోతే అంటే కంకి, ఎస్కీతెస్ అంటే గింజలు ఒలిచి కప్పులో ఇచ్చేవి. ఉత్తర మెక్సికో, టెక్సస్ ప్రాంతాల్లో కప్పు రకానికి వేరే పేర్లు కూడా వాడతారు. రెండింటి మీదా మయోనైజ్ లేదా పుల్లటి మీగడ, కొతీహా చీజ్ తురుము, మిరప పొడి, నిమ్మరసం వేస్తారు. కంకిని పట్టుకుని తినడంలో సరదా ఉన్నా, మయోనైజ్ మూతికీ చేతికీ అంటుకుంటుంది. కారులో కూర్చుని తినేవారు, చిన్నపిల్లలతో వచ్చినవారు కప్పు తీసుకోవడమే తెలివి. కప్పులో మరొక లాభం కూడా ఉంది: ఏది ఎంత వేయాలో చెప్పి వేయించుకోవచ్చు.

ఇక్కడ అసలు ప్రశ్న గింజ గురించి. అమెరికాలో ఎక్కువగా దొరికేది పసుపు స్వీట్ కార్న్. తెల్లటి మెక్సికన్ రకం గింజ పెద్దది, పిండి ఎక్కువ, తీపి తక్కువ, నమలడానికి కొంత పని పెడుతుంది. నిప్పుల మీద కాల్చిన నాటు కంకులు తిని పెరిగినవారికి రెండవదే నచ్చుతుంది. ‘ఎలోతే బ్లాంకో’ ఉందా అని అడిగితే చెబుతారు. పొగలు కక్కే పెద్ద పాత్రలో కంకులు పొట్టుతో సహా ఉడుకుతున్న దుకాణాన్ని నమ్మవచ్చు, డబ్బా గింజలను మైక్రోవేవ్‌లో వేడిచేసే దుకాణంలో కప్పు జోలికి పోకపోవడమే మంచిది. మెక్సికోలో గింజలను ఎపాసోతే అనే ఘాటైన వాసన గల ఆకు వేసి ఉడికించే చోట్లు ఉన్నాయి. ఆ వాసన కొందరికి మందు వాసనలా తోచవచ్చు గాని, మొక్కజొన్న తీపికి అది తెచ్చే నిండుతనం నాకు ఇష్టం.

సాసులు పోసిన చిప్స్ పొట్లాలు

తోస్తీలోకోస్ 1990లలో తిహువానా నగరంలో పుట్టిన తిండి. చిప్స్ పొట్లాన్ని పక్కగా కోసి, అందులోనే దోసకాయ, నీరు నిండిన హీకమా దుంప ముక్కలు, చమోయ్, వాలెంతీనా మిరప సాసు, నిమ్మరసం, పిండి పూత వేసి వేయించిన ‘జపనీస్’ వేరుశనగలు కుమ్మరిస్తారు. ఆ వేరుశనగలు పేరుకు జపనీస్ అయినా, మెక్సికో నగరంలో స్థిరపడిన యోషిహేయ్ నకతానీ 1940లలో తయారు చేసినవి. కుర్రవాళ్లు నలుగురు కలిసి ఒక పొట్లం పంచుకుని అక్కడికక్కడే తింటే ఇది సరదాగానే ఉంటుంది. ఒక్కరే తింటే ఉప్పు మితిమీరుతుంది, పది నిమిషాలు ఆగితే చిప్స్ నానిపోతాయి. దుకాణం ప్రత్యేకత ఇందులో తెలియదు. పోల్చి చూస్తే అదే డబ్బుకు వచ్చే కోసిన పండ్ల గ్లాసు, అంటే పుచ్చ, మామిడి, హీకమా, దోస ముక్కల మీద నిమ్మ, తహీన్ చల్లినది, మేలైన బేరం.

పండ్ల గిన్నెల్లో తీపి రకం కావాలంటే గువదలహారా నుంచి వచ్చిన బియోనికో ఉంది: సన్నగా తరిగిన పండ్ల మీద తీపి మీగడ, గ్రనోలా, కొబ్బరి, ఎండు ద్రాక్ష. స్ట్రాబెర్రీలు మీగడలో వేసి ఇచ్చే గ్లాసు పిల్లలకు బాగా నచ్చుతుంది. ఈ రెండింటి గురించి ఇంతకన్నా ఆలోచించవలసింది లేదు.

శాకాహారులు, గుడ్డు తిననివారు

తెలుగు కుటుంబాలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే, ఎందుకంటే ఐసు, పండ్లు, మొక్కజొన్న అమ్మే చోట మాంసం ఉంటుందన్న అనుమానమే రాదు. తోస్తీలోకోస్‌లో చాలాచోట్ల కువెరీతోస్ వేస్తారు. అవి వెనిగర్‌లో ఊరవేసిన పంది చర్మపు తెల్లటి పీలికలు, చూడటానికి ఉల్లిపాయ ముక్కల్లాగే ఉంటాయి. చిచరోన్ అన్న పేరు రెండు వేర్వేరు పదార్థాలకు ఉంది: ఒకటి వేయించిన పంది చర్మం, రెండవది గోధుమపిండితో చేసి వేయించిన పెద్ద పలక. ‘దె అరీనా’ అంటే పిండిది అని అర్థం, అయినా దాని మీద కూడా కువెరీతోస్ పేర్చి ఇచ్చే అలవాటు ఉంది. మాంసం తినను అని మాత్రమే చెబితే ఊరవేసిన చర్మం ఆ లెక్కలోకి రాకపోవచ్చు కనుక ‘సిన్ కువెరీతోస్’, అంటే అవి వద్దని, పేరు పెట్టి చెప్పడం అవసరం.

మరికొన్ని సంగతులు కూడా ఉన్నాయి. క్లమాతో అనే టమాటా పానీయంలో ఆల్చిప్ప జీవి రసం ఉంటుంది. ‘సాల్సా ఇంగ్లేసా’ అని పిలిచే వూస్టర్‌షైర్ సాసులో సాధారణంగా చేపలు కలుస్తాయి. కప్పు నూడుల్స్ మీద మొక్కజొన్న, చీజ్ వేసి ఇచ్చే పదార్థం చాలా దుకాణాల్లో కనిపిస్తుంది, ఆ నూడుల్స్ ఎక్కువగా రొయ్య లేదా కోడి రుచివి. రంగురంగుల జెల్లీ గిన్నెలు పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తో చేసినవే. బీన్స్ ముద్ద వేసే నాచోస్‌లో పంది కొవ్వు ఉండే అవకాశం ఉంది. మిచోవకాన్‌లోని ఊరి పేరు మోసే కొతీహా చీజ్‌ను సంప్రదాయంగా దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో గడ్డకట్టిస్తారు. అమెరికాలో తయారయ్యే చీజ్‌లలో సూక్ష్మజీవుల నుంచి తీసిన రెనెట్ వాడేవి కూడా ఉన్నాయి గాని, దుకాణంలో ఆ పొట్లం చూపించమని అడిగితే తప్ప తేలదు. ఎర్ర రంగు కోసం వాడే కార్మైన్ పురుగుల నుంచి వచ్చేది, 2011 నుంచి అమెరికాలో దానిని పదార్థాల పట్టీ మీద పేరుతో రాయాలన్న నియమం అమలులో ఉంది కాబట్టి సీసా చూస్తే తెలుస్తుంది.

గుడ్డు తిననివారికి రెండే పెద్ద అడ్డంకులు: మయోనైజ్, రొంపోపే. మొక్కజొన్న కప్పులో ‘సిన్ మయొనేసా’ అని చెప్పి బదులుగా మీగడ వేయించుకోవచ్చు, రుచి తగ్గదు, నిజానికి నిమ్మ పులుపు ఇంకా బాగా తెలుస్తుంది. రొంపోపే అన్నది ప్వేబ్లా నగరపు కాన్వెంట్ల నుంచి వచ్చిన, గుడ్డు సొన, పాలు, మద్యం కలిసిన పానీయం. దుకాణపు పాకంలో మద్యం లేకపోయినా గుడ్డు ఉండవచ్చు. మద్యం ముట్టనివారు తెహువీనో గురించి కూడా తెలుసుకోవాలి: హలిస్కోకు చెందిన ఈ మొక్కజొన్న పానీయాన్ని కొద్దిగా పులియబెట్టి, ఉప్పు, నిమ్మ ఐసు వేసి ఇస్తారు. మత్తు కలిగించేంత ఏమీ ఉండదు, పులిసిన పిండి రుచి అలవాటున్న మనవారికి ఇది తొందరగానే నచ్చుతుంది.

పిల్లలు, చక్కెర జబ్బు ఉన్నవారు

పిల్లలకు సాదా స్ట్రాబెర్రీ లేదా మామిడి రస్పాదో చాలు. కారం విడిగా ఇమ్మని ‘చీలే అపార్తే’ అని చెప్పవచ్చు. చింతపండు పుల్లలు, మిరప పూసిన మిఠాయిలు మాత్రం తరచూ కొనిపెట్టవద్దు. మెక్సికో నుంచి దిగుమతి అయిన కొన్ని మిరప, చింతపండు మిఠాయిల్లో సీసం కనబడిన తరువాత, 2006లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలు తరచూ తినే మిఠాయిల్లో అది పది లక్షల్లో 0.1 వంతుకు మించరాదని సిఫారసు చేసింది. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడినా, పేరూ చిరునామా లేని విడి మిఠాయిల కన్నా పట్టీ ఉన్న వాటిని కొనడం జాగ్రత్త. వేరుశనగ, పెకాన్ పడని పిల్లలున్నవారు ఒకే గరిట అన్ని పాకాల్లో తిరుగుతోందేమో గమనించాలి.

చక్కెర జబ్బు ఉన్నవారికి పాకం తగ్గించమని చెప్పడం కన్నా కోసిన పండ్ల గ్లాసు చిన్నది తీసుకుని, చమోయ్ వద్దని నిమ్మ, తహీన్ మాత్రం వేయించుకోవడం ఆచరణలో సులభం. రక్తపోటు కూడా ఉంటే తహీన్ చిటికెడుతో ఆపాలి.

నలుగురైదుగురు కలిసి వెళితే

మనిషికొకటి చెప్పవద్దు. చింతపండు లేదా హమైకా పెద్ద రస్పాదో ఒకటి, పాల పాకంతో చిన్నది ఒకటి, మొక్కజొన్న కప్పులు రెండు, కోసిన పండ్ల గ్లాసు ఒకటి చెబితే అందరికీ అన్ని రుచులూ అందుతాయి, ఖర్చూ అదుపులో ఉంటుంది. వేడి మొక్కజొన్న ముందు తిని ఐసు తరువాత చెప్పించుకోవాలి. రెండూ ఒకేసారి వస్తే ఐసు కరుగుతుందన్న తొందరలో మొక్కజొన్న చల్లారిపోతుంది. సాయంత్రాలు, ముఖ్యంగా ఆదివారం చర్చి ముగిసిన తరువాత, వరుస పొడవుగా ఉంటుంది. వారం మధ్యలో వెళితే కౌంటరు దగ్గర నిలబడి పాకాలు కొద్దికొద్దిగా రుచి చూపించమని అడిగే వెసులుబాటు దొరుకుతుంది. చాలా దుకాణాలు నగదు తీసుకోవడానికే ఇష్టపడతాయి కాబట్టి కొంత చేతిలో ఉంచుకోవాలి. చలికాలంలో కొన్ని పనివేళలు తగ్గిస్తాయి. అప్పుడు ఐసు కన్నా మొక్కజొన్న పిండి, చాక్లెట్ కలిపి కాచే వేడి చంపుర్రాదో అడగడం మంచిది.

ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే రస్పాదో పనికిరాదు, దారిలోనే నీరవుతుంది. మొక్కజొన్న కప్పును చీజ్, మీగడ, నిమ్మ విడిగా కట్టించుకుని తీసుకెళ్లి ఇంట్లో వేడిచేసుకుని కలుపుకోవచ్చు. పుల్ల ఐసు కావాలంటే కారులో ఐసు ముక్కలు నింపిన చల్లపెట్టె ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. వాటిలో కొబ్బరి, పెకాన్, బియ్యపు పాయసం రుచి ఉండే అర్రోస్ కోన్ లెచే పలేతాలను ఎంచుకోవడం మేలు.